చిన్న బెలూన్ ఖాళీ అయి పెద్దది నిండింది, క్లాసులో నా దగ్గర జవాబు లేదు

డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే ఒక లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, కాలేజీ ఏవీ బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలుంది, అందుకని సారాంశం మాత్రం ఇస్తున్నాను.

వీరు ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. థర్మోడైనమిక్స్‌లో యూనిట్ టెస్ట్ పెట్టారు. అందులో ఒక లెక్క. గట్టి సిలిండర్‌లో ఎక్కువ పీడనంతో హీలియం ఉంది, వాల్వ్‌కి రబ్బరు బెలూన్ తగిలించారు, అది మొదట ఏమీ సాగకుండా 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఉంది. వాల్వ్ మెల్లగా తెరిస్తే 12 సెంటీమీటర్ల వ్యాసార్ధం దాకా ఉబ్బింది. ఉష్ణోగ్రత మారలేదు. వాయువు చేసిన పని ఎంత? సీనియర్ లెక్చరర్ ఒకరు తయారు చేసిన కీ ప్రకారం, వాతావరణ పీడనాన్ని పెరిగిన ఘనపరిమాణంతో గుణించాలి, జవాబు 722 జూల్స్. ఒక అమ్మాయి మాత్రం "రబ్బరును సాగదీయడానికి కూడా పని జరుగుతుంది, కాబట్టి ఇంతకంటే ఎక్కువ" అని రాసి, ఎంత ఎక్కువో తేల్చలేక వదిలేసింది. 5కి 2 మార్కులు పడ్డాయి.

పేపర్లు ఇచ్చిన రోజు ఆ అమ్మాయి లేచి అడిగింది. "రబ్బరు మీద జరిగే పని చాలా తక్కువ, వదిలేయొచ్చు" అని వీరు చెప్పారు. "మరి నోటితో ఊదేటప్పుడు అంత కష్టం రబ్బరు వల్ల కాదా?" అని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. "బెలూన్ స్ప్రింగ్ లాంటిది, పెద్దదయ్యేకొద్దీ లోపలి పీడనం పెరుగుతుంది, అందుకే కష్టం" అన్నారు వీరు. మర్నాడు ఆ అమ్మాయి రెండు బెలూన్లు, చిన్న గొట్టం పట్టుకొచ్చింది. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఊది, గొట్టంతో కలిపి, నొక్కి పట్టుకున్న వేళ్లు వదిలింది. అందరూ చూస్తుండగా చిన్న బెలూన్ ముడుచుకుపోయి పెద్దది ఇంకా ఉబ్బింది. వీరికి ఏం చెప్పాలో తోచక "సిలబస్‌లో ఉన్నది చదువు, ఇవేవీ పరీక్షలో రావు" అని కసిరారు. అప్పటి నుంచి ఆ అమ్మాయి క్లాసులో నోరు తెరవడం లేదు. సీనియర్‌ని అడిగితే "పరీక్షలు దగ్గర పడ్డాయి, ఇప్పుడు కీ తప్పంటే అందరూ మార్కుల కోసం వచ్చి నిలబడతారు, వదిలేయండి" అన్నారట.

"రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. తప్పు ఒప్పుకుంటే పిల్లలు ఇక నా మాట నమ్ముతారా అని టెన్షన్. పోనీ ఒప్పుకుందామన్నా నా తప్పు ఎక్కడుందో నాకే పూర్తిగా తెలియడం లేదు. ఇంకో చిన్న సంగతి. ఆ రోజు గాలి తీసేసిన వెంటనే బెలూన్‌ని ఆ అమ్మాయి నా చేతిలో పెట్టింది, చల్లగా తగిలింది. అదెందుకని అడిగితే అదీ చెప్పలేకపోయాను" అని ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ తప్పు ఎక్కడుందో మీకే తెలియడం లేదన్నారు చూడండి, అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఏం తప్పో తెలియకుండా క్లాసు ముందు నిలబడి క్షమాపణ చెబితే ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేస్తుంది, మీరు మళ్లీ అక్కడే ఆగిపోతారు. ముందు లెక్క తేల్చుకుందాం, తర్వాత క్లాసు సంగతి.

ఆ రెండు రోజుల్లో మీరు అన్న మాటలు మూడు. రబ్బరు పని చాలా తక్కువ అన్నారు. పెద్దదయ్యేకొద్దీ పీడనం పెరుగుతుందన్నారు. సిలబస్ చదువుకోమన్నారు. మొదటిది నిజం. రెండోది తప్పు. మూడోది ఫిజిక్స్ కాదు, దాని దగ్గరికి చివర వస్తాను. ఇప్పుడు మీ మనసులో ఈ మూడూ కలిసిపోయి ఒకే పెద్ద తప్పులా కనిపిస్తున్నాయి, అందుకే అంత బరువుగా ఉంది.

మొదటి మాట చూడండి. 3 సెంటీమీటర్ల నుంచి 12 దాకా ఉబ్బితే ఘనపరిమాణం సుమారు 7.1 లీటర్లు పెరుగుతుంది. బయటి గాలిని అంత మేర పక్కకు నెట్టడానికి 722 జూల్స్ కావాలి, 74 కిలోల మనిషిని ఒక మీటరు పైకి ఎత్తడానికి పట్టేంత పని అది. ఇక రబ్బరు. పావు మిల్లీమీటరు మందం ఉన్న మామూలు బెలూన్ అనుకుందాం. లోపలి పీడనం బయటి కంటే ఎక్కువ ఉండేది సగటున 2.3 కిలోపాస్కల్స్, వాతావరణ పీడనం 101. కాబట్టి రబ్బరుకు పోయే పని సుమారు 16 జూల్స్. 722 ముందు 16 అంటే రెండు శాతం చిల్లర. "చాలా తక్కువ" అని మీరన్నది సరైన మాటే. ఆ అమ్మాయి "722 కంటే ఎక్కువ" అని రాసింది కూడా సరైన మాటే. ప్రశ్న "వాయువు చేసిన పని ఎంత" అని అడిగింది కాబట్టి కచ్చితంగా చెప్పాలంటే జవాబు 738, అందులో 722 బయటి గాలికి, 16 రబ్బరుకు. కీ రాసినవారు "వాతావరణం మీద జరిగిన పని ఎంత" అని అడిగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

మరి రబ్బరుకు 16 జూల్సే అయితే ఊదేటప్పుడు బుగ్గలెందుకు నొప్పెడతాయి? ఆ అమ్మాయి అడిగిన అసలు ప్రశ్న ఇదే, నాకు చాలా నచ్చిన ప్రశ్న కూడా ఇదే. సిలిండర్‌తో నింపడం, నోటితో నింపడం రెండూ ఒకే పని అని మనం అనుకుంటాం. కాదు. సిలిండర్‌లో హీలియం చిన్న చోట ఇరుక్కుని ఉంది, బయటికొచ్చి 7.1 లీటర్ల కొత్త చోటు ఆక్రమించింది, సిలిండర్ మాత్రం అంతే ఉంది. అంటే బయటి గాలి నిజంగానే 7.1 లీటర్ల మేర పక్కకు జరగాల్సి వచ్చింది. నోటితో ఊదేటప్పుడు మీరు బయటి గాలినే పీల్చి, దాన్నే బెలూన్‌లో పెడుతున్నారు. బెలూన్ ఉబ్బినంత మేర మీ ఛాతీ తగ్గుతుంది. బయటి గాలి ఒక పక్క వెనక్కి జరుగుతుంది, ఇంకో పక్క మీ ఛాతీని లోపలికి నెడుతూ ముందుకొస్తుంది. ఆ 722 జూల్స్ ఖర్చు, జమ రెండూ అయిపోయి సున్నాకి దగ్గరగా తేలుతుంది. మిగిలేది రబ్బరు ఒక్కటే. కాబట్టి సిలిండర్ లెక్కలో దాదాపు అంతా వాతావరణమే, ఊదే మనిషి అనుభవంలో దాదాపు అంతా రబ్బరే. మీరు ఒకదాని గురించి మాట్లాడారు, ఆ అమ్మాయి ఇంకోదాని గురించి మాట్లాడింది. వ్యవస్థ ఏది, దాని హద్దు ఎక్కడ అని బోర్డు మీద ఒక గీత గీసి ఉంటే ఇద్దరి మాటా నిలిచేది.

పైగా ఊదేటప్పుడు మనల్ని అలిసిపోయేలా చేసేది శక్తి కాదు, పీడనం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు గట్టిగా ఊదితే ఇవ్వగలిగేది సుమారు 10 కిలోపాస్కల్స్. బెలూన్ మొండికేసే దశలో దానికి 4 దాకా కావాలి. మొత్తం పని 16 జూల్సే అయినా, ఆ ఒక్క దశ దాటాలంటే మనకున్న బలంలో పెద్ద వాటానే పెట్టాలి.

ఇప్పుడు మీ అసలు తప్పు, ఆ స్ప్రింగ్. మొండికేసే దశ ఎప్పుడొస్తుందో గుర్తు చేసుకోండి. మొదట్లోనే వస్తుంది, ఆ తర్వాత సులువుగా ఊదేస్తాం. స్ప్రింగ్ అయితే చివరికి వెళ్లేకొద్దీ కష్టం కావాలి. మీరు కూడా ఎన్నోసార్లు ఊది ఉంటారు, మీ బుగ్గలకు తెలిసిన సంగతే ఇది, బోర్డు ముందు నిలబడగానే సాగినకొద్దీ బలం పెరుగుతుందన్న హుక్ నియమం అడ్డొచ్చింది.

అక్కడ జరిగేది ఇది. వంకర తిరిగిన పొర బిగుతుగా ఉంటే లోపలి పీడనం ఎంత ఉండాలో పొర తన్యత (అంటే పొర ఎంత బిగుతుగా లాగుతోందో అది), వ్యాసార్ధం రెండూ కలిసి తేలుస్తాయి. తన్యతను రెండుతో గుణించి వ్యాసార్ధంతో భాగించాలి. సబ్బు బుడగకు మీరు క్లాసులో చెప్పే యంగ్, లాప్లాస్ సూత్రమే, కాకపోతే బుడగకు రెండు ఉపరితలాలు కాబట్టి అక్కడ నాలుగుతో గుణిస్తాం. బుడగలో తన్యత మారదు, అందుకే చిన్న బుడగలో పీడనం ఎక్కువ. రబ్బరులో తన్యత మారుతుంది, చిక్కంతా దానివల్లే. బెలూన్ రెండింతల వ్యాసార్ధానికి సాగితే రబ్బరు మందం నాలుగో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే రబ్బరు ఘనపరిమాణం మారదు, విస్తీర్ణం నాలుగింతలవుతుంది. కాబట్టి ఒక పక్క ప్రతిబలం, అంటే రబ్బరు అడ్డుకోతలో ఒక్కో యూనిట్ వైశాల్యం మీద పడే బలం, పెరుగుతుంది, ఇంకో పక్క ఆ ప్రతిబలాన్ని మోసే మందం తగ్గుతుంది, మూడో పక్క భాగించే వ్యాసార్ధం పెరుగుతుంది. ఈ మూడింటినీ కలిపితే, రబ్బరుకు అందరూ మొదట వాడే సరళమైన నమూనాలో, పీడనం సాగుదల విలోమం నుంచి సాగుదల ఏడో ఘాతపు విలోమాన్ని తీసేస్తే వచ్చే దానికి అనులోమంగా ఉంటుంది. సాగుదల అంటే ఇప్పటి వ్యాసార్ధాన్ని మొదటి వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది.

దీన్ని ఒకసారి అవకలనం చేసి చూడండి, పీడనం గరిష్ఠమయ్యేది సాగుదల ఏడుకు ఆరో మూలం అయినప్పుడు, అంటే 1.38 దగ్గర. మీ లెక్కలోని బెలూన్‌కి అది 4 సెంటీమీటర్లు కొద్దిగా దాటాక వస్తుంది. అప్పటికి ఘనపరిమాణం మొదటిదానికి 2.65 రెట్లు మాత్రమే. ఆ తర్వాత పీడనం పడిపోతూనే ఉంటుంది, 12 సెంటీమీటర్ల దగ్గరికి చేరేసరికి గరిష్ఠంలో 40 శాతమే మిగులుతుంది. ఆ అమ్మాయి తెచ్చిన బెలూన్లు రెండూ ఈ శిఖరం దాటినవే అయి ఉంటాయి. చిన్నదానిలో పీడనం ఎక్కువ, పెద్దదానిలో తక్కువ, గాలి ఎటు పోవాలో అటే పోయింది.

అయితే ఈ నమూనా కథ మొత్తం చెప్పదు. నిజమైన రబ్బరులో బాగా సాగాక అణుగొలుసులు ఇక చాలా మేర నిటారుగా లాగబడి ఉంటాయి, అక్కడి నుంచి పీడనం మళ్లీ పెరుగుతుంది, చివరికి పగులుతుంది. ఆఖరి దశలో మీ స్ప్రింగ్ మాటకు కాస్త చోటుంది. శిఖరానికి ముందు కూడా ఉంది, అక్కడ పీడనం నిజంగానే పెరుగుతుంది. మధ్యలో ఉన్న పెద్ద భాగంలోనే అది తప్పు. "నేను చెప్పింది పూర్తిగా తప్పు" అని క్లాసులో అనకండి, అది కూడా సరికాదు. ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో చెప్పండి.

ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు దిద్దుకోవడానికి నిలబడిన రోజు ఆ అమ్మాయి గానీ ఇంకెవరైనా గానీ తప్పకుండా అడుగుతారు. ఉష్ణోగ్రత మారలేదన్నారు కదా, మరి ఆ 738 జూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయి? ఆదర్శ వాయువు ఉష్ణోగ్రత మారకపోతే దాని అంతర్గత శక్తి మారదు. కాబట్టి వాయువు 738 జూల్స్ వేడిని చుట్టుపక్కల నుంచి తీసుకుంది. ఇక్కడ ఆగకండి, రబ్బరు వైపు కూడా చూడండి. దానికి 16 జూల్స్ అందాయి, అవి దాని అంతర్గత శక్తిలో దాగున్నాయని చాలామంది రాస్తారు. ఆదర్శ రబ్బరులో అలా జరగదు. రబ్బరును సాగదీస్తే అణువుల మధ్య బంధాలు సాగవు, ముద్దలా చిక్కుపడి ఉన్న పొడవాటి అణుగొలుసులు ఒక దిశలో సర్దుకుంటాయి. వాటి ఎంట్రోపీ, అంటే చిందరవందరగా ఉండే తీరు, తగ్గుతుంది, ఆ తగ్గుదలకు తగ్గ వేడి బయటికి రావాలి. ఉష్ణోగ్రత మారకుండా సాగదీస్తే అందిన 16 జూల్సూ వేడిగా బయటికి పోతాయి. వాయువు తీసుకున్నది 738, రబ్బరు వదిలింది 16, రెండూ కలిపి చూస్తే బయటి నుంచి వచ్చిన నికర వేడి సరిగ్గా 722. కీలో ఉన్న సంఖ్య వేరే ప్రశ్నకు, అంటే "మొత్తం వ్యవస్థ గ్రహించిన నికర వేడి ఎంత" అన్నదానికి, చిల్లర కూడా వదలకుండా కచ్చితమైన జవాబు. ఇది లెక్కేసి చూసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మీ సీనియర్‌తో మాట్లాడేటప్పుడు ఇది ముందు చెప్పండి, ఆయన సంఖ్యకు ఒక గౌరవమైన చోటు ఉందని తెలిస్తే తర్వాతి మాట వినడం సులువవుతుంది.

వాల్వ్ మెల్లగా కాకుండా గబుక్కున తెరిస్తే బయటి వేడి వచ్చే వ్యవధి ఉండదు, అప్పుడు ఆ శక్తి వాయువు తన దగ్గర నుంచే ఇవ్వాలి. సిలిండర్‌లో 10 మోల్స్ హీలియం ఉందనుకుంటే వాయువు సగటున ఓ 6 డిగ్రీలు చల్లబడుతుంది, అదీ ముఖ్యంగా సిలిండర్‌లో మిగిలిన వాయువే. ఇక్కడే నేను ఒకసారి పొరపాటు పడ్డాను. గాలి తీసేసిన గట్టి ట్యాంకులోకి 300 కెల్విన్ల దగ్గరున్న గాలిని ఒక్కసారిగా వదిలితే లోపల 420 కెల్విన్ల దాకా వేడెక్కుతుంది, ఎందుకంటే వెనకున్న గాలి నెట్టిన పనంతా లోపలికి వచ్చిన గాలిలోనే మిగిలిపోతుంది. నేను ఆ ఫలితాన్నే తీసుకెళ్లి బెలూన్‌కి కూడా అంటించి క్లాసులో చెప్పేశాను. బెలూన్ అయితే ఉబ్బుతూ ఆ పనిని బయటికి ఇచ్చేస్తుంది, పీడనం దాదాపు స్థిరంగా ఉంటే లోపలి గాలి ఉష్ణోగ్రత దాదాపు మారదు. పది రోజుల తర్వాత తెలిసింది. ఆ పది రోజులు మీలాగే గడిపాను. చివరికి పాత లెక్క బోర్డు మీద రాసి, ఏ లైను దగ్గర దారి తప్పానో చూపించాను. పిల్లలు నన్ను తక్కువగా చూస్తారని భయపడ్డాను. ఆ తర్వాతి వారం క్లాసులో ప్రశ్నలు పెరిగాయి. మీ క్లాసులోనూ అలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను, నాకు జరిగింది మాత్రం అది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మీ సీనియర్ చెప్పినట్టు పరీక్షలయ్యే దాకా ఊరుకోవచ్చు. సిలబస్ పూర్తవుతుంది, మార్కుల గొడవ రాదు, సీనియర్‌తో మాట పట్టింపు ఉండదు. కానీ ఆ క్లాసులో మిగతా పిల్లలందరూ బెలూన్ స్ప్రింగ్ లాంటిదన్న మాట పట్టుకెళ్తారు, కళ్లతో దానికి వ్యతిరేకంగా చూసినా సరే. పరీక్షలయ్యాక సెలవులు, ఆ తర్వాత వాళ్లు మీ క్లాసులో ఉండకపోవచ్చు. ఆ అమ్మాయి విషయంలో ఇది ఇంకా కష్టం. ప్రశ్న అడిగితే మార్కులు పోయాయి, ప్రయోగం చేసి చూపిస్తే తిట్లు పడ్డాయి, ప్రస్తుతానికి ఆమెకు తెలిసింది ఇంతే.

ఆ అమ్మాయిని విడిగా పిలిచి మాట్లాడొచ్చు. ఇది మీకు అన్నిటికంటే తేలిక. నిజానికి ఏ దారి ఎంచుకున్నా ఇది ముందు చేయమనే అంటాను. కసిరినందుకు బాధపడుతున్నానని చెప్పడానికి ఫిజిక్స్ అంతా తేలే దాకా ఆగక్కర్లేదు, రేపే చెప్పొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, ఆ మాట అందరి ముందు అన్నారు. విడిగా చెప్పిన క్షమాపణ ఆ అమ్మాయి మనసుకు సాయం చేస్తుంది గానీ, పక్కన కూర్చున్నవాళ్ల దృష్టిలో ఆమె ఇంకా సిలబస్ వదిలేసి బెలూన్లు తెచ్చి తిట్లు తిన్న పిల్లే.

లేదంటే ఒక పీరియడ్ కేటాయించి క్లాసులోనే సరిదిద్దొచ్చు. ఆ అమ్మాయిని ముందే అడగండి, ఇష్టమైతే ప్రయోగం ఆమె చేతే చేయించండి. బలవంతం వద్దు, మళ్లీ అందరి ముందుకు రావడానికి జంకొచ్చు, అప్పుడు మీరే చేయండి, ప్రశ్న ఎవరిదో మాత్రం పేరు పెట్టి చెప్పండి. రెండు బెలూన్లతో ఆపకుండా, యు ఆకారపు గొట్టంలో నీళ్లు పోసి ఒక కొస బెలూన్‌కి తగిలించండి. ఒక కిలోపాస్కల్‌కి నీటి మట్టాల్లో 10 సెంటీమీటర్ల తేడా వస్తుంది, కాబట్టి మొదట్లో 40 దాకా ఎగబాకి తర్వాత 20 చుట్టుపక్కలకు దిగడం పిల్లలే చూసి గ్రాఫ్ గీసుకోవచ్చు. మీ బెలూన్ మందాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి, గ్రాఫ్ ఆకారం మాత్రం నిలుస్తుంది. ఇంట్లో ఒకసారి చేసి చూసుకుని వెళ్లండి. కొత్త బెలూన్‌కీ, ఒకసారి ఊది వదిలిన బెలూన్‌కీ పీడనం తేడా వస్తుంది, మొదటిసారి సాగాక రబ్బరు మెత్తబడుతుంది, అందుకని రెండింటినీ ముందే ఒకసారి ఊది గాలి తీసేయండి. చిన్నదాన్ని మరీ చిన్నగా, అంటే శిఖరం కూడా దాటనంత చిన్నగా ఊదితే గాలి ఎదురు దిశలో పోవచ్చు. అలా జరిగినా కంగారు పడకండి, గ్రాఫ్ చూపించి అదెందుకో చెప్పొచ్చు. ఈ దారికి ఖర్చు ఒక పీరియడ్, ఓ రెండు రోజుల మీ తయారీ, దాంతో పాటు జవాబు తెలియని ఇంకో ప్రశ్న ఎదురయ్యే అవకాశం. ఆ ప్రశ్న వస్తే "చూసుకుని రేపు చెబుతాను" అనండి, రేపు నిజంగా చెప్పండి.

నేను మీ స్థానంలో ఉంటే ఈ చివరి దారే తీసుకుంటాను. అయినా మీ కాలేజీలో పరిస్థితులు మీకు తెలిసినంత నాకు తెలియవు, మూడేళ్ల ఉద్యోగంలో సీనియర్ మాట దాటడం ఎంత కష్టమో ఊహించగలను.

మార్కుల సంగతి విడిగా తేల్చాలి. క్లాసుకు వెళ్లే ముందే సీనియర్‌ని కలవండి, పిల్లల నోటి నుంచి ఆయనకు తెలియడం బాగుండదు. "కీ తప్పు" అని మొదలుపెట్టకండి. ప్రశ్నలో "వాయువు చేసిన పని" అని ఉంది, రబ్బరును వదిలేయమని లేదు, కాబట్టి 722 రాసినవాళ్లవీ, అంతకంటే ఎక్కువని కారణంతో రాసినవాళ్లవీ రెండూ సరైనవిగా తీసుకుందాం అని అడగండి. ఎవరి మార్కులూ తగ్గవు, పెరిగేది ఒకరిద్దరికే, అందరూ వచ్చి నిలబడే పరిస్థితి రాదు. ఆయన ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే మీరు విభాగాధిపతి దాకా వెళ్లొచ్చు, దానివల్ల ఇద్దరి మధ్య చాలాకాలం ముభావం మిగలొచ్చు. లేదా మార్కులు అలాగే వదిలి ఫిజిక్స్ మాత్రం క్లాసులో సరిదిద్దొచ్చు, అప్పుడు ఆ అమ్మాయికి "నీ ఆలోచన సరైనది, మార్కు మార్చాలని అడిగాను, కుదరలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పాల్సి ఉంటుంది. ఆ వయసు పిల్లలకు మూడు మార్కులు చిన్నవి కావు, కానీ తన తరఫున అడిగినవాళ్లున్నారని తెలియడం కూడా చిన్నది కాదు.

ఇక చేతికి చల్లగా తగిలిన బెలూన్. అదీ ఆ అణుగొలుసుల పనే. సాగిన రబ్బరు ఒక్కసారిగా వదులైతే సర్దుకుని ఉన్న గొలుసులు మళ్లీ చిక్కుపడతాయి, దానికి కావలసిన వేడిని రబ్బరు తన నుంచే తీసుకుంటుంది. మీ బెలూన్ బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, అంత రబ్బరు నుంచి 16 జూల్స్ తీస్తే సుమారు 3 డిగ్రీలు చల్లబడాలి, నిజమైన బెలూన్‌లో కొంత రాపిడికి పోతుంది కాబట్టి ఇంకాస్త తక్కువ. లోపలి నుంచి వచ్చే గాలి కూడా కొద్దిగా వ్యాకోచించి చల్లబడుతుంది గానీ, ముఖ్యంగా రబ్బరే. దీన్ని మొదట గమనించి 1805లో రాసినవాడు జాన్ గాఫ్, చూపు లేని మనిషి, రబ్బరు ముక్కను పెదవికి ఆనించి సాగదీస్తే వెచ్చగా, వదిలితే చల్లగా తగలడం స్పర్శతోనే కనిపెట్టాడు. 1859లో జూల్ దాన్ని కొలిచి చూపాడు. ఆ అమ్మాయిని పిలిచి మాట్లాడే రోజు ఒక వెడల్పాటి రబ్బరు బ్యాండ్ జేబులో వేసుకెళ్లండి. సాగదీసి పెదవికి ఆనించమనండి, వెచ్చగా తగులుతుంది. సాగదీసే ఉంచి ఓ అర నిమిషం ఆగి, అప్పుడు వదిలి మళ్లీ ఆనించమనండి.